ఆముదం తాగిన రంపం

గిద్దలూరు కలప డిపోలో ఇప్పటికీ ఒక మాట వినిపిస్తుంది. యుద్ధం ముగిశాక మిలిటరీ పాత సామానులో వచ్చిన పెట్రోలు రంపం ఉత్త దండగదనీ, దాన్ని నడిపిన కంభం మిస్త్రీకి పని రాదనీ. ఆ మాట విన్నప్పుడల్లా తల వంచుకుని పోయాను. రంపం మంచిదే. మిస్త్రీ ఇంకా మంచివాడు. ఆ రోజు అక్కడున్నవాళ్ళలో రాయడం వచ్చినది నాకొక్కడికే కాబట్టి ఇది నేనే రాయాలి.

అప్పుడు నేను కంట్రాక్టరు దగ్గర గుమాస్తాను. బడి అయిదో తరగతితో ఆగినా, మార్కాపురం గ్రంథాలయంలో బీరువాలు బీరువాలు చదివానన్న గర్వం ఉండేది. ఆ ఎండాకాలం, కొండ అడుగున వాగు పక్కనున్న పెద్ద మద్దిమానును కోయడానికి ముగ్గురం పోయాం. రంపానికి ఇంజను వైపు పట్టుకునే మిస్త్రీ మామ, రెండో కొస పట్టుకునే ముసలి చిన్నాయన, నేను. చేతిరంపం కూడా తెస్తానని చిన్నాయన అంటే, మిషను ఉండగా ఆ బరువెందుకని డిపోలోనే పెట్టించింది నేనే.

మాను సగానికి పైగా తెగాక రంపం నీరసించింది. ఊరికే తిరిగేటప్పుడు హోరుమంటుంది. పళ్ళు కట్టెను పట్టగానే గొంతు పడిపోయి ఆగిపోతుంది. పైన ఎక్కడో మాను కిర్రుమంది.

చిన్నాయన కొండవైపు చూశాడు. పొద్దు వాలుతోంది. ఆయన కూతురు గొర్రెల మందను తోలుకొచ్చే బాట ఆ మాను కిందినుంచే వాగుకు పోతుంది.

"నేను ఎదురుపోయి ఆపుతా," అన్నాను.

"పొద్దంతా నీళ్ళు లేని గొర్రెలు. వాగు వాసన తగిలితే నిన్ను తొక్కుకుంటా వస్తాయి. బిడ్డ వాటెనకే ఉరుకుతాది."

"పోనీ, గొడ్డలితో కొడితే?"

"సగం తెగిన మాను అదిరితే ఏ పక్క పడతాదో దానికే తెలీదు. ఆ చేతిరంపం ఉండుంటే..." మిగతాది మింగేశాడు.

మిస్త్రీ నేల మీది పొట్టు పిడికిట్లోకి తీసుకున్నాడు. "చూడు అల్లుడూ, అటుకుల మాదిరి రాల్తాంది. పళ్ళు మొద్దుబారుంటే పిండి రాలాల. పళ్ళ గొలుసుది కాదు తప్పు." గాలి పీల్చే జల్లెడ తీసి పెట్రోలులో జాడించాడు. రంపం రెండు వేళ్ళ లోతు కోసి మళ్ళీ ఆగింది. ప్లగ్గు విప్పి తుడిచాడు. మళ్ళీ అంతే. కొండమీద గొర్రెల మెడగంట వినిపించింది. చిన్నాయన రెండు చేతులూ పంచెకు తుడుచుకుంటూనే ఉన్నాడు. వాటికి చెమట కూడా లేదు.

మిస్త్రీ ఇంజను తిప్పి, పొగగొట్టం ముందు అరచెయ్యి పెట్టాడు. "ఊపిరి పీలుస్తాంది, వదల్లేకుండా ఉంది."

గొట్టం విప్పితే, పొగ బయటికొచ్చే రంధ్రం చిటికెన వేలు పట్టేంతే మిగిలింది. చుట్టూ తారులాంటి మసి. వేలితో తీసి వాసన చూశాడు.

"నీ ఇమానాల ఆముదం, అల్లుడూ! నేను వద్దంటే బుక్కులో ఉందంటివి."

ఉంది, నిజమే. మద్రాసు నుంచి రావలసిన ఇంజను నూనె రాలేదు. విమానాల ఇంజన్లకే ఆముదం పోస్తారని గ్రంథాలయంలో చదివి, పెట్రోల్లో గానుగ ఆముదం కలపమని పట్టుబట్టాను.

"ఈ మసి సంగతి కూడా ఉండాదా ఆ బుక్కులో?"

"ఆ పుట కాడికే సదివినా, మామా."

"అయితే మిగతాది ఇక్కడ సదువు. ఎదురుబొంగు పుల్ల చెక్కు. ఇనుముతో గీకితే లోపల గాట్లు పడతాయి."

మసి లోపలికి రాలకుండా పిస్టనును రంధ్రానికి అడ్డంగా నిలిపాడు. నేను గీకాను. పుల్ల రెండుసార్లు విరిగింది. గంటలు దగ్గరయ్యాయి, దుమ్ము కనిపించింది. పైనుంచి "ఓ నాయనా!" అని కూతురి కేక.

"రాబాకే! రాబాక!" చిన్నాయన అరిచాడు. రాకుండా ఉండటం ఆమె చేతిలో లేదు.

మామా, చిన్నాయనా గొట్టం బిగించారు. ఉన్న ఆముదమే గతి కాబట్టి డబ్బా బాగా కుదిపి పోసి, ఇంజను తాడు లాగారు. ఈసారి పళ్ళు కట్టెలో దిగినా గొంతు పడిపోలేదు. కోత పూర్తయి మాను ఊగగానే ఇద్దరూ వెనక్కి పరుగెత్తారు. మాను బాటకు ఎడంగా రాళ్ళమీద కూలింది. ఆ దుమ్ము అణగకముందే మొదటి గొర్రె బాటలో విరిగిపడ్డ కొమ్మల మీంచి దూకి నీళ్ళకు పోయింది.

మంద వెనకాలే వచ్చిన కూతురు నా నల్లటి చేతులు చూసింది. "ఏందన్నా, మిషన్ను నువ్వు తోలినావా, అది నిన్ను తోలిందా?" చిన్నాయన కూతురి పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆమె భుజం మీద వేసిన చెయ్యి చాలాసేపు తీయలేదు.

కంట్రాక్టరు అడిగితే "మిషను మొరాయించింది" అన్నాను, అంతే. మిగతాది డిపో కల్పించుకుంది. తర్వాత గ్రంథాలయానికి పోయి ఆ పుట తిప్పాను. ఆముదం పోసే ఇంజన్లను తరచూ విప్పి మసి గీకాలని తర్వాతి పుట మొదట్లోనే ఉంది.

పేర్లు రాస్తే కోప్పడే మనుషులు గనుక వరసలతోనే దండం పెడుతున్నాను. తప్పు నాదని తెలిసీ డిపోలో నోరు విప్పని మిస్త్రీ మామకు. ఆ రోజు మింగిన మాటను మళ్ళీ ఎన్నడూ బయటికి రానీయని చిన్నాయనకు. దారిలో కనిపిస్తే ఇప్పటికీ "అన్నా, ఆముదం ఉండాదా?" అని అడిగే ఆ చెల్లెలికి.