మా తోటికోడలి కులుకు

మా తోటికోడలు కులుకుతుంది. ఈ మాట మెచ్చుకోలుగా అనడం లేదు. మా వైపు ఆడవాళ్లెవరూ అలా అనరు. "ఏం కులుకుతుందో సూడు" అన్నారంటే అన్నవాళ్ల కడుపు మండుతోందని అర్థం. నాకు మండుతోంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా అత్తమ్మకు చీరల దుకాణం ఉంది. ఏళ్లుగా అక్కడ కూర్చుని చీరలు పరిచి చూపించింది నేను. పోచంపల్లి దగ్గర మగ్గం ఇంట్లో పుట్టినదాన్ని, నూలు ఎలా కట్టి రంగులో ముంచుతారో కూడా చెప్పగలను. నా మరిది భార్య గుంటూరు పిల్ల, నిన్నగాక మొన్న వచ్చింది. రోజూ మధ్యాహ్నం ఫోన్‌ను స్టాండుకు తగిలించి, చీర భుజాన వేసుకుని లైవ్‌లో నిలబడుతుంది. "చూడండమ్మా, కొంగు ఎంత బాగా పడుతుందో" అంటూ ఒక చుట్టు తిరుగుతుంది. మెడ, గాజులు, నడుము, కొంగు ఒకదాని వెనక ఒకటి కదులుతాయి. "అక్క వేసుకున్నదే కావాలి" అని కామెంట్లు వరసగా వచ్చి పడతాయి. నేను పక్కన కూర్చుని ఆమె విప్పినవి మడతపెడతాను.

అసూయ పట్టినవాళ్లకు తీరిక ఎక్కువ. ఈ కులుకు ఎక్కడిదని నిఘంటువు తిరగేశాను. ఒయ్యారంతో పాటు కదలడం, కుదుపు అనే అర్థాలూ ఉన్నాయి. కంచి నుంచి పట్టుచీరలు తెచ్చే వ్యాపారిని అడిగితే, చేతిలో ఉన్న మజ్జిగ సీసా ఊపి చూపించాడు. తమిళంలో ఇలా ఊపడాన్ని 'కులుక్కు' అంటారట. అంటే మొదట ఉన్నది ఉత్త ఊపే, వగలన్నీ తర్వాత వచ్చి చేరాయన్నమాట. నాకు ప్రాణం లేచివచ్చింది. సీసా ఊపినంత పనికి ఇంత సంబరమా అనుకున్నాను.

మా నాయిన ఇంకా మగ్గం వదల్లేదు. కొత్త డిజైను చీర నేసి మగ్గం మీంచి కోయగానే, అమ్మకానికి పోయేముందు ఇంటి ఆడపిల్ల భుజాన వేసి చూడటం మా ఇంటి పద్ధతి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ ఆడపిల్లను నేనే. పెళ్లయ్యాక చీరను దుకాణానికి పంపిస్తాడు. నేను వేసుకుని ఫోన్ చేస్తే గానీ అదే డిజైనులో దాని జత చీర మొదలుపెట్టడు.

మొన్న శ్రావణంలో అలాంటి చీర ఒకటి వచ్చింది. ఆ పూట ఎల్బీనగర్‌లో మా పాప స్కూలు మీటింగుకు పోయి ఆలస్యంగా వచ్చాను. వచ్చేసరికి నాయిన చీర ఆమె భుజాన ఉంది, లైవ్ నడుస్తోంది. ఎర్రటి గళ్లు ఆమెతోపాటు తిరుగుతున్నాయి. నాకు ఏడుపొచ్చింది. అందరూ చూస్తుండగా లాక్కోలేను కదా.

అయిపోయాక అడిగాను. "గది మా నాయిన చీర. నేనొచ్చేదాంక ఆగకపోతివా?"

"నాకు తెలీదక్కా. పార్శిల్ విప్పితే అన్నిటికన్నా ఇదే బాగుందనిపించింది, తీసేశాను."

తిట్టడానికి కూడా వీల్లేకుండా చేసింది.

సాయంత్రం నాయిన ఫోన్ చేశాడు. మా తమ్ముడు ఆ లైవ్ ఆయనకు చూపించాడట. నా తరఫున కోప్పడతాడనుకున్నాను.

"బిడ్డా, ఇన్నేండ్ల సంది నేస్తున్న గని, నా చీర గట్ల కదిలితే ఎన్నడు సూడలె. నువ్వు ఏసుకుంటె దండెం మీద ఏసినట్టే ఉంటుండె" అని నవ్వాడు. "దీని జత మగ్గం మీదికెక్కించిన. గది గూడ ముందుగాల గా పిల్లనే ఏసుకోమను."

"సరే నాయినా" అన్నాను.

ఆ చీర పోయిన వారం వచ్చింది. కుచ్చిళ్లు నేనే పట్టాను, భుజం మీద పిన్ను నేనే పెట్టాను. ఆమె ఫోన్ ముందుకు జరిగి కులికింది. అవతల ఊళ్లో మా నాయిన చూస్తుంటాడు. ఆయనకు అడ్డం రాకుండా నేను గోడవైపు జరిగి నిలబడ్డాను.