భూపాలపల్లి మైదానంలో కమ్లి ఎత్తిన బంతి

జనగామ, సోమవారం ఉదయం. నిన్న భూపాలపల్లి దగ్గర జరిగిన ప్రొఫెషనల్ గోల్ఫ్ పోటీలో మహబూబాబాద్ జిల్లా తండా పిల్లవాడు దేవేందర్ గెలిచాడు. ఈ వార్త పత్రికలో ఒక మూలకు వచ్చింది. అంతకంటే ముందే ఒక చిన్న వీడియో అందరి ఫోన్లకూ చేరింది. అందులో ఒకావిడ గడ్డిలోంచి ఆట బంతిని ఎత్తి, కొంగుతో తుడిచి, సంచిలో వేసుకుంటుంది. చుట్టూ జనం నవ్వుతారు. వీడియో అక్కడితో ఆగిపోతుంది. ఆవిడ దేవేందర్ తల్లి కమ్లి. పక్కన గొడుగు పట్టుకొని నిలబడిన ముసలమ్మను నేను. ఆ తర్వాత జరిగింది వీడియోలో లేదు కాబట్టి రాస్తున్నాను. అక్కడికి ఎలా వెళ్లారని అడిగినవాళ్లూ ఉన్నారు, వారి కోసం దారి, ఖర్చు కూడా చెబుతాను.

ఈ బ్లాగులో ఇంతవరకు గుళ్లు, కోటలు, జలపాతాల గురించే రాశాను. గోల్ఫ్ చూడాలన్న కోరిక నాకెన్నడూ లేదు. మా మేడమీద అద్దెకుండే పద్మ ఇక్కడి దవాఖానలో నర్సు. దేవేందర్ ఆమె అన్న. శుక్రవారం సాయంత్రం మెట్ల మీద నన్ను ఆపింది. "అవ్వా, ఆదివారం మా అన్నది ఆఖరి ఆట. నాకు డ్యూటీ పడ్డది. బాపు మిర్చి ఏరిపిస్తున్నడు, కదలడు. మా యాడిని జర నువ్వు తీస్కపోతవా?" యాడి అంటే వాళ్ల ఇంటి భాషలో అమ్మ. నేను వెంటనే ఒప్పుకోలేదు, ఆటలో అంత ముఖ్యమేముందని అడిగాను. పద్మ గొంతు తగ్గించింది. "గెలిస్తే వచ్చే ఏడు పెద్ద పోటీలల్ల ఆడనిస్తరట. గెలవకుంటె ఆట బందు పెట్టి, పట్నంల పిల్లలకు నేర్పే కొలువుల చేరుతడట. యాడి ఒక్కసారన్న చూడాలె గదా అవ్వా."

కమ్లి గురించి ఒక్క మాట చెప్పాలి. దేవేందర్ చిన్నప్పుడు ఈ కుటుంబం కూలికి హైదరాబాద్ వెళ్లింది. అక్కడ ఒక గోల్ఫ్ మైదానంలో కమ్లి ఏళ్ల తరబడి కలుపు తీసింది, గడ్డి నాటింది. కొడుకు అక్కడే ఆటగాళ్ల బ్యాగులు మోస్తూ ఆట నేర్చుకున్నాడు. అయినా తల్లి ఒక్క పోటీ కూడా చూడలేదు. పోటీ రోజుల్లో కూలీలను మైదానంలోకి రానిచ్చేవారు కాదట. తర్వాత భార్యాభర్తలు తండాకు తిరిగి వచ్చి మిర్చి సాగు పెట్టుకున్నారు.

కమ్లి శనివారం సాయంత్రమే తొర్రూరు మీదుగా మా ఇంటికి చేరింది. ఆదివారం ఉదయం ఐదున్నరకు జనగామ బస్టాండులో ఉన్నాం. హన్మకొండకు గంటన్నర లోపే చేరాం. అక్కడ భూపాలపల్లి బస్సు ఎక్కితే పరకాల, రేగొండ మీదుగా దాదాపు రెండు గంటలు. ఆధార్ కార్డు చూపిస్తే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు. కార్డు మరిచిపోయి కండక్టరుతో వాదించకండి, తప్పు మీదే అవుతుంది. పరకాలలో బస్సు ఆగినప్పుడు కమ్లి జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు విప్పింది. బయటి టిఫిన్‌కు పెట్టుకున్న ఎనభై రూపాయలు మిగిలాయి.

మైదానం ఊరికి దూరంగా, ఘనపూర్ వైపు రోడ్డులో ఉంది. ఎవరో ప్రైవేటువాళ్లు పాత క్వారీ నేలను చదును చేసి గడ్డి పెంచారు. బస్సులు అక్కడ ఆగవు. ఆటో డ్రైవరు మూడు వందలు అడిగాడు, రెండు వందలకు ఒప్పించాను.

"గోల్ఫ్ కాడికా అవ్వా? గా వంకర కట్టెతోని కొట్టే ఆటనా?" అన్నాడు. "గంత జాగల మా రేగొండోళ్లైతే పత్తి పెడుదురు. గీళ్లేమో గడ్డి పెట్టి, గడ్డికే నీళ్లు పెడుతున్నరు."

"గా గడ్డి పెంచుడు పత్తి కన్న కష్టం, తమ్మీ," అంది కమ్లి.

"నీకెట్ల ఎరుక?"

"నా కొడుకు ఆడుతున్నడు," అని మాత్రం చెప్పింది. అతను అద్దంలోంచి ఆమెను చూసి, మళ్లీ వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత దారంతా నెమ్మదిగా నడిపాడు.

గేటు దగ్గర ప్రవేశం ఉచితం. ఫోన్లు మోగకుండా పెట్టించారు. కమ్లి తమ్ముడు హర్యా, తండా నుంచి మరో నలుగురితో ముందే వచ్చి ఉన్నాడు. అతని భుజాన డప్పు చూసి గేటు మనిషి ఆపేశాడు. "గెలిస్తే కొడ్తం సారూ, అందాక సప్పుడు చెయ్యం," అని హర్యా ఎంత బతిమాలినా వినలేదు. డప్పు గేటు దగ్గరే ఉండిపోయింది. లోపల ఒక అమ్మాయి 'నిశ్శబ్దం' అని రాసిన అట్ట ఎత్తితే వందల మంది నోరు మూస్తున్నారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ తరగతి గదిలో కోరుకున్నది ఇదే.

తెలియనివారి కోసం ఆట ఇది. జెండా పాతిన గుంతలోకి బంతిని ఎవరు తక్కువ షాట్లలో వేస్తే వారిది గెలుపు. ఇక్కడ గుంతలు తొమ్మిదే కనుక రెండు చుట్లు తిరుగుతారు. జనం తాడు వెలుపల ఆటగాళ్లతో పాటు నడవాలి, కాబట్టి మంచి చెప్పులు వేసుకోండి. మధ్యాహ్నానికి మిగతావాళ్లంతా వెనకబడ్డారు. పోటీ దేవేందర్‌కూ ఢిల్లీ ఆటగాడికీ మధ్య మిగిలింది. ఇంక రెండు గుంతలు ఉన్నాయనగా మనవాడు రెండు షాట్లు ముందున్నాడు. కమ్లికి ఆ లెక్క పట్టలేదు. ఆమె నేలనే చూస్తూ నడుస్తోంది. ఒక చోట వంగి కలుపు మొక్క పీకబోతే చేయి పట్టి ఆపాను.

"గడ్డిని ఎవలు చూస్తున్నరో గని, బాగనే చూస్తున్నరు టీచరమ్మా. అంచుల కాడ కోత సరిగ లేదు," అంది.

చివరి గుంతకు ముందు గుంత దగ్గర దేవేందర్ కొట్టిన మొదటి షాట్ కుడికి తిరిగింది. బంతి తాడు దాటి మా వైపు పొడవాటి ఎండుగడ్డిలోకి దిగింది. కమ్లి అందరికంటే ముందు నడుస్తోంది. నేను చూసేసరికి ఆమె వంగింది, బంతి తీసింది, తుడిచింది, సంచిలో వేసింది. ఆ పనిలో ఒక్క తడబాటు లేదు. హైదరాబాద్‌లో ఆమె మేస్త్రీ రోజూ చెప్పిన పని అదే. గడ్డిలో బంతి కనబడితే తీయాలి, తుడవాలి, సాయంత్రం ఆఫీసులో ఇవ్వాలి. ఆ చెయ్యి పని మరిచిపోలేదు. జనం నవ్వింది అప్పుడే, వీడియో తీసిందీ అప్పుడే.

"యాడీ!" అన్నాడు అప్పటికే పరుగున వచ్చిన దేవేందర్. కమ్లి కొడుకు ముఖం చూసి, సంచిలోంచి బంతి తీసి అరచేతిలో పెట్టుకొని నిలబడింది. "అయ్యో, గిది నీదా కొడుకా? ఆగం జేస్తినా?"

రెఫరీ చిన్న బండిలో వచ్చాడు. నేను సూటిగా అడిగాను: "చూడవచ్చినవాళ్లు తెలియక ఎత్తితే ఆటగాడికి శిక్ష ఉందా?" లేదన్నాడు. బంతి ఎక్కడ ఉన్నదో అక్కడే తిరిగి పెట్టి ఆడాలి, అంతే. "ఎక్కడ ఉండింది?" అని చుట్టూ అందరినీ అడిగాడు. ఎవరూ చూశామనలేదు. దగ్గరగా చూసింది కమ్లి ఒక్కతే.

హర్యా తన అక్క వెనక నిలబడి వాళ్ల భాషలో ఏదో గొణిగాడు. నాకు అర్థం కాలేదు గాని, అతని కళ్లు చూపిన చోటు తెలిసింది. రెండడుగుల ముందు గడ్డి పలుచగా ఉంది, అక్కడి నుంచి జెండాకు అడ్డేమీ లేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణం నా కళ్లు కూడా అక్కడికే వెళ్లాయి. దేవేందర్ మాత్రం తల్లి వైపు చూడలేదు. తల తిప్పుకొని దూరంగా చెట్లను చూస్తూ నిలబడ్డాడు.

కమ్లి తమ్ముడి వైపు తిరగకుండానే, "నువ్వు సప్పుడు జెయ్యకు," అని తెలుగులో, అందరికీ వినబడేలా అంది. మోకాళ్ల మీద కూర్చొని ఒక గడ్డి దుబ్బును రెండు చేతులతో విడదీసింది. "ఈడ సారూ. దుబ్బు ఎనుక. లోపటికి దిగి ఉండె."

బంతిని అక్కడే పెట్టారు. అక్కడి నుంచి జెండా వైపు కొట్టే దారి లేదు. దేవేందర్ దాన్ని పక్కకు, కోసిన గడ్డిలోకి మాత్రం తోయగలిగాడు. ప్రతి గుంతకూ ఇన్ని షాట్లని ఒక లెక్క ఉంటుంది, ఆ గుంతలో అతనికి దానికంటే ఒక షాట్ ఎక్కువైంది. ఢిల్లీ ఆటగాడు ఆ లెక్క కంటే ఒకటి తక్కువలో ముగించాడు. ఇద్దరూ సమానమయ్యారు.

చివరి గుంత దగ్గర కమ్లి చేతులు వెనక్కి కట్టుకొని కళ్లు మూసుకుంది. చూడమంటే తల అడ్డంగా ఊపింది. ఢిల్లీ ఆటగాడి బంతి గుంత అంచును తాకి బయటే ఆగింది. ఈ ఒక్క షాట్‌తో పడితే దేవేందర్‌దే గెలుపు. అతను చాలాసేపు కూర్చొని, లేచి, మళ్లీ కూర్చొని నేల వాలు చూసుకున్నాడు. చివరికి మెల్లగా తట్టాడు. బంతి గుంతలో పడిన చప్పుడు మాదాకా వినిపించింది. ఆ తర్వాత అరుపులు మొదలయ్యాయి.

"ఏమైంది టీచరమ్మా? గెలిచిండా, ఓడిండా?"

"కండ్లు తెరువు కమ్లీ. గెలిచిండు."

హర్యా గేటు వైపు డప్పు కోసం పరుగెత్తాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. దేవేందర్ కప్పు అందుకోవడానికి ముందే తాడు దాటి తల్లి దగ్గరకు వచ్చాడు.

"నా బంతి ఎత్తినవ్ గదా, ఫైన్ కడతవా?" అని నవ్వాడు. ఆమె నవ్వలేదు. "జర ముందట చూపెడితే నీకు అల్కగ అవుతుండె గదరా?" అని అడిగింది.

అతని నవ్వు ఆగింది. "బంతి దుబ్బులల్లనే దిగినట్టు నాకు దూరం నుంచి కనబడ్డది యాడీ. నువ్వు ఇంకో కాడ చూపెడితే నేనేం జేయాల్నో నాకు తెల్వకుండె. మా యాడి అబద్ధం ఆడుతున్నదని సార్‌కు నేనే చెప్పాల్నా? చెప్పకుండ ఆడాల్నా?" అని గెలిచిన బంతిని ఆమె చేతిలో పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో నాలుగున్నరకు భూపాలపల్లిలో బస్సు దొరికింది. రేగొండ దాటకముందే కమ్లి నిద్రపోయింది, పిడికిలి మాత్రం విప్పలేదు. నేను పిల్లలకు ఎన్నో ఏళ్లు సత్యం పలకమని చెప్పాను. నల్లబల్ల మీద రాసి చెప్పడం తేలిక. కొడుకు బతుకుదెరువు రెండడుగుల దూరంలో ఉన్నప్పుడు, నవ్వుతున్న జనం మధ్య మోకాళ్ల మీద కూర్చొని చెప్పడం వేరు. నా కళ్లు పలుచటి గడ్డి వైపు వెళ్లిన సంగతి కూడా అందుకే దాచకుండా రాశాను. ఇక జరగవలసినవి ఇవి:

1. ఆ వీడియోను పంపినవాళ్లు దీన్ని కూడా పంపాలి. మా వీధి గ్రూపులో నవ్విన ముగ్గురి పేర్లు నాకు తెలుసు, వారితో మొదలుపెడతాను.

2. వచ్చే పోటీకి పద్మ ముందుగానే సెలవు అడగాలి. అప్పుడు కూడా నేను వస్తాను, కాని తోడుగా కాదు, ఆట చూడడానికి.

3. హర్యా తన అక్కకు క్షమాపణ చెప్పాలి. డప్పు మాత్రం తప్పక తేవాలి.

4. మీరు గోల్ఫ్ చూడడానికి వెళ్తే, కాళ్ల దగ్గర బంతి పడినా ముట్టుకోకండి. రెండు చేతులూ వెనక్కి కట్టుకొని, అది ఎక్కడ పడిందో గుర్తు పెట్టుకొని, అక్కడి మనిషిని పిలవండి.

5. కమ్లి ఆ బంతిని తన దగ్గరే ఉంచుకోవాలి. ఈ ఉదయం తొర్రూరు బస్సు ఎక్కుతూ కూడా అడిగింది: "టీచరమ్మా, గిది ఆఫీసుల ఇయ్యకపోతిమి. ఏమన్న అంటరా?" అనరు. అది ఇక ఏ ఆఫీసులోనూ ఇవ్వవలసిన బంతి కాదు.