ఆరడం వేరు, మానడం వేరు

బాబాయ్ పోయాడని నాకు చెప్పింది ఆయన గదిలో ఉండే నెల్లూరు తమ్ముడు. బుధవారం మధ్యాహ్నం, ఒక కారు తలుపుకి రంగు స్టిక్కర్ షీటు, అదే వినైల్, అంటిస్తూ చేతిలో వేడిగాలి చిమ్మే హీట్ గన్ పట్టుకుని ఉన్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టి నేల మీద ఉంచాను. "అన్నా, ఉస్తాద్ ఖలాస్ అన్నా," అన్నాడు. మా దగ్గర టీ అయిపోయినా ఖలాసే, పని ముగిసినా ఖలాసే, వీసా తీరినా ఖలాసే. "ఏం, ఇండియా వెళ్లిపోతున్నాడా?" అని అడిగాను. అటునుంచి ఏడుపు వినబడింది. రాస్ అల్ ఖైమాలో పడవలు తయారుచేసే యార్డులో, ఎండవేళ ఇచ్చే విరామంలో, అన్నం తిని బోర్లించిన పడవ నీడన పడుకున్న మనిషి మూడు గంటలకు లేవలేదట. గుండె ఆగిపోయిందన్నారు. నేను హీట్ గన్ ఆపడం మర్చిపోయాను. తలుపు మీది వినైల్ కరిగి అరచెయ్యంత చిల్లు పడింది.

ఆయన నాకు సొంత బాబాయ్ కాదు. దుబాయ్‌లో, అల్ కుసైస్‌లోని మా కార్ల షెడ్డులో అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఇద్దరిదీ గోదావరి జిల్లా కాబట్టి నేను బాబాయ్ అన్నాను, ఆయన ఊఁ అన్నాడు, అంతే చుట్టరికం. ఆయనకు నేనొక మాట చెప్పాల్సి ఉంది. రెండేళ్ల నుంచి వచ్చే ఆదివారం వెళ్తాను, వచ్చే ఆదివారం చెప్తాను అనుకుంటూనే ఉన్నాను. ఇక ఆ మాట వినడానికి ఆయన లేడు. అందుకే ఆయన్ని ఎప్పుడూ చూడని మీకు చెప్పుకుంటున్నాను. కాస్త ఓపిక పట్టండి.

కరోనా తగ్గుముఖం పడుతున్న రోజుల్లో నేను ఆ షెడ్డులో చేరాను. అంతకుముందు కరామాలో ఒక బెడ్‌స్పేస్‌లో, అంటే పదిమంది గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుని, ఉంటూ దుకాణాల అద్దాలకు స్టిక్కర్లు అంటించేవాణ్ణి. నాకు తిరుగులేదన్న పొగరు ఉండేది. మొదటిరోజే ఒక కారు సైడ్ మిర్రర్ తొడుగు ఇచ్చి దీనికి అంటించమన్నాడు బాబాయ్. గుడ్డులా ఉంటుందది. నాలుగుసార్లు అంటించాను, నాలుగుసార్లూ ముడతలే. నా చెమటలు చూసి నవ్వాడు. "అద్దం మీద ఎవడైనా అంటిస్తాడ్రా. వంపు కాడే తెలుస్తాది ఎవడి చెయ్యెంతో," అన్నాడు. ఆ తర్వాత పక్కన కూర్చుని చూపించాడు. చవక వినైల్‌ని లాగి వంపు మీద కూర్చోబెడితే ఎండ తగలగానే అది మళ్లీ వెనక్కి లాక్కుంటుందని, పల్చటి మంచిరకం మాత్రం చెప్పిన చోట ఉంటుందని ఆ రోజే తెలిసింది. నిజానికి వినైల్ ఆయన పని కాదు. ఆయనది ఫైబర్ పని. అచ్చులో గాజునార పరిచి, రెజిన్ జిగురు పోసి, పొర మీద పొర వేసి కార్ల ఒళ్లు, అదే బాడీలు, తయారుచేసేవాడు. దుబాయ్ రాకముందు పదేళ్లు అదే పద్ధతిలో రాస్ అల్ ఖైమాలో పడవలు చేశాడు.

గాజునార ఒంటికి తగిలితే దురద నరకం. వేడినీళ్లు పోసుకుంటే ఇంకా లోపలికి పోతుందనేవాడు. ఇక్కడ వేసవిలో కుళాయి తిప్పితే కాగిన నీళ్లే కదా వచ్చేది. అందుకని పొద్దున్నే రెండు బకెట్లు పట్టి తడిగోనె కప్పి ఉంచేవాడు, సాయంత్రానికి చల్లగా. ఒకటి ఆయనకి, ఒకటి నాకు. ముక్కుకు మాస్క్ లేకుండా ఆయన్ని షెడ్డులో నేనెప్పుడూ చూడలేదు. "ఇన్నాళ్లకి లోకం అంతా ఫైబర్ పన్లో చేరిందిరా," అనేవాడు కరోనా మాస్కుల్ని చూసి. మధ్యాహ్నం అన్నంలో లబన్, అంటే ఇక్కడి మజ్జిగ, పోసుకుని, ఆవకాయ ముక్క నంజుకుని, ముక్క చివరిదాకా చీకి "ఆయ్, ఇదండీ భోజనం అంటే" అని తనకు తానే చెప్పుకునేవాడు.

ఇక ఆ కారు సంగతి. కిట్ కారు అంటే చట్రం, ఇంజను, చక్రాలు అన్నీ పెట్టెల్లో విడివిడిగా వస్తాయి. బిగించుకోవడం కొన్నవాడి బాధ్యత. మా దగ్గరికి తెచ్చిన ఆయన ఇక్కడి స్థానికుడే, ఇంజనీరు. రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు. విప్పిన పెట్టెల మధ్య ప్లాస్టిక్ కుర్చీలేసుకుని, పై ఒళ్లు దేంతో చెయ్యాలని ఒక పూటంతా మాట్లాడుకున్నాం. ఇంజనీరు కార్బన్ ఫైబర్ అన్నాడు. ముదీర్, అంటే మా మేనేజరు, అల్యూమినియం అన్నాడు. బాబాయ్ తన హిందీలో అందరికీ జవాబు చెప్పి, నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "అల్యూమినియం మీద సొట్ట పడిందనుకో, ఎంత సరిచేసినా అది మర్చిపోదు. కార్బన్‌ది మరీ రోషం, వంగదు, పుటుక్కుమంటాది. ఫైబర్ ఉంది చూశావూ, పగిలినా అతుక్కుంటాది. కాపోతే దానికి టైమివ్వాలి." చివరికి ఫైబర్ ఖాయమైంది. కార్బన్ మోజు తీరక ఇంజనీరు బానెట్‌కైనా కార్బన్ గళ్ల నల్ల వినైల్ వెయ్యమన్నాడు. "ఈ ఎండలో నల్ల బానెట్టా? పెసరట్లు పోసుకోవచ్చు," అన్నాడు బాబాయ్. లేత ఇసుకరంగు వెయ్యమన్నాడు. నేను నలుపే బాగుంటుందన్నాను. వినైల్ నాది కాబట్టి నా మాటే చెల్లింది.

అచ్చులోంచి బానెట్ తీసి ఎన్నో రోజులు కాలేదు. ఇంజనీరు వచ్చి శుక్రవారానికి కావాలన్నాడు. జబల్ జైస్ కొండ రోడ్డు మీద ఆయన స్నేహితులంతా తమ కార్లు తెస్తున్నారట. బాబాయ్ వేలి మెటికలతో బానెట్‌ని అక్కడక్కడా తట్టి విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. ఇంకో మూడు వారాలన్నాడు. నేను వేలితో రాసి చూశాను. గట్టిగా, నున్నగా, పొడిగా ఉంది. "ఆరిపోయింది కదా బాబాయ్," అన్నాను.

"ఆరిందిరా. మానలేదు," అన్నాడు. "దెబ్బ తగిలితే పైన చెక్కు కడతాది, చూళ్లేదా? లోపల పచ్చే. ఇదీ అంతే. లోపల్నించి ఇంకా గాలి ఒదుల్తాది. ఇప్పుడు మూత పెట్టేవంటే ఆ గాలి ఎక్కడికి పోద్ది?"

మర్నాడు వీసా మెడికల్ కోసం ఆయన పొద్దున్నే వెళ్లాడు. నేను బానెట్‌కి నల్ల వినైల్ వేసేశాను. ఎంత బాగా వచ్చిందో! ఒక్క ముడత లేదు. షెడ్డు వాళ్లంతా ఫోటోలు తీసుకున్నారు. బాబాయ్ వచ్చేసరికి కారు వెళ్లిపోయింది.

సోమవారం తిరిగి వచ్చింది. బానెట్ నిండా ఆటలమ్మ పోసినట్టు పొక్కులు. వినైల్ లాగితే దానితోపాటు ఫైబర్ పైపొర కూడా పెచ్చులు పెచ్చులుగా ఊడింది. ఇంజనీరు స్నేహితుల ముందు తలెత్తుకోలేకపోయానని ఒకటే అరుపులు. ముదీర్ మా ఇద్దర్నీ నిలబెట్టి "కిస్‌కీ గల్తీ?", తప్పెవరిది అని అడిగాడు. అప్పటికి నా భార్యా కూతురూ ఇక్కడికి వచ్చి నెల కాలేదు. ఉద్యోగం పోతే వాళ్ల వీసాలూ పోతాయి. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఫైబర్ కచ్చా థా." ఫైబర్ పచ్చిగా ఉంది. చూడండి, అది అబద్ధం కూడా కాదు. పచ్చిగా ఉందని ఆయన నాతో చెప్పాడు కాబట్టే నాకు తెలుసు. ఆ తెలిసిన ముక్కే ఆయన మీద నేరంగా మోపాను. బాబాయ్ నా మొహంలోకి ఒకసారి చూశాడు. వంగి, నేల మీద రాలిన పెచ్చులు ఏరడం మొదలుపెట్టాడు.

తప్పు చేసినవాడికి కోపమెక్కువ అంటారు, నిజమే. టీ దగ్గర ఆయన పలకరించబోతే నేనే విరుచుకుపడ్డాను. "నీ పడవల పద్ధతి ఇక్కడ నడవదు బాబాయ్. ఆ రోజులు ఖలాస్!" అన్నాను. ఆయన కప్పులో మిగిలిన టీ చూసుకున్నాడు. "సరేలే. అన్నం తిన్నావా?" అన్నాడు. ఆ నెలాఖరుకి ముదీర్ షెడ్డులో ఫైబర్ పని ఆపేశాడు. తయారైన భాగాలు బయటినుంచి కొంటామన్నాడు. బాబాయ్ పెట్టె సర్దుకుని రాస్ అల్ ఖైమా పాత యార్డుకి వెళ్లిపోయాడు. వెళ్లిన మర్నాడు సాయంత్రం నేను కుళాయి దగ్గరికి పోతే బకెట్లు ఖాళీగా ఉన్నాయి. అప్పుడు ఏడ్చాను, ఇంటికెళ్లి మా ఆవిడకి కూడా చెప్పలేదు.

ఆ తర్వాత ఫోన్లు ఆయనే చేసేవాడు. పాప బడికి వెళ్తోందా, మాస్క్ వేసుకుంటున్నావా, ఇప్పుడు ఏ రంగులు నడుస్తున్నాయి అని అడిగేవాడు. ఒకసారి తెగించి "బాబాయ్, ఆ బానెట్..." అన్నాను. "ఉండ్రా, రెజిన్ గట్టిపడిపోతంది, మళ్లీ చేస్తా," అని పెట్టేశాడు. నిజంగా రెజిన్ కలిపి ఉన్నాడో, నన్ను కాపాడాడో నాకు తెలియదు. ఫోన్ పెట్టేయగానే నాకు ప్రాణం లేచొచ్చింది, అదీ నా బతుకు. గంటన్నర ప్రయాణం. కారుంది, పెట్రోలుంది, ఆదివారాలున్నాయి. వెళ్లలేదు.

ఆయన పోయిన మర్నాడు ముదీర్ గదిలోకి వెళ్లాను. ఉద్యోగం తీసేసినా సరేననుకున్నాను. ఆ రోజు బానెట్ తప్పు ఉస్తాద్‌ది కాదు, నాది, ఆయన వద్దన్నా నేనే వేశాను అని చెప్పాను. ముదీర్ కంప్యూటర్ మీంచి తల తిప్పి చూశాడు. "కౌన్సా బానెట్, భాయ్?", ఏ బానెట్ అన్నాడు. కారు రంగు చెప్పాను, ఇంజనీరు గురించి చెప్పాను. ఆయనకు గుర్తు రాలేదు. "ఛోడో యార్, పురానీ బాత్," పాత సంగతి వదిలెయ్ అని, ఉస్తాద్ మంచివాడని రెండు మాటలు చెప్పి, శవం దగ్గరికి వెళ్లిరమ్మని సగం రోజు సెలవిచ్చాడు. నా ఒక్క మాట ఆ మనిషిని అక్కడినుంచి పంపించిన సంగతి ఈ భూమ్మీద ఇక నాకొక్కడికే గుర్తుంది. క్షమించడానికైనా, చొక్కా పట్టుకుని తిట్టడానికైనా ఇంకెవరూ మిగల్లేదు.

శవాన్ని మందులతో భద్రపరిచి విమానానికి పంపే చోట పదిమందిమి చేరాం. యార్డు వాళ్లు, నెల్లూరు తమ్ముడు, మనవాళ్ల కాగితాల పనులు చూసే వాలంటీరు ఒకాయన. ముఖం చూపించారు. గడ్డం ఎవరో నున్నగా గీశారు, అది ఆయనలా లేదు. మూత బిగించాక వాలంటీరు ఒక కాగితం తీశాడు, పెట్టెకి అంటించాల్సింది. పేరు, పాస్‌పోర్టు నంబరు, ఊరు, పిన్నిగారి ఫోన్ నంబరు. నెల్లూరు తమ్ముడు నన్ను చూపించి "మా అన్నది స్టిక్కర్ పనే, తిన్నగా అంటిస్తాడు," అన్నాడు.

కాగితం తీసుకున్నాను. అన్నేళ్లు పక్కన పనిచేసి ఆయన పూర్తిపేరు చదవడం అదే మొదటిసారి. పెట్టె మీద పెట్టి, మధ్యలోంచి అంచులకి అరచేత్తో రుద్దడం మొదలుపెట్టాను. రుద్దుతూ రుద్దుతూ వంగి, చెక్కకి దగ్గరగా నోరు పెట్టి, "బాబాయ్, నువ్వు వద్దన్నావు, నేనే వేశాను. తప్పు నాది బాబాయ్," అన్నాను. మళ్లీ అన్నాను. ఎన్నిసార్లు అన్నానో తెలియదు. కాగితం ఎప్పుడో అంటుకుపోయింది, చెయ్యి మాత్రం రుద్దుతూనే ఉంది. నేనేదో ప్రార్థన చేస్తున్నాననుకుని వాలంటీరు, టేపు చేతిలో పట్టుకుని, నా పక్కనే తల వంచి నిలబడ్డాడు.