జీపు వెనక అద్దంలో నాలుగు వేళ్ల మసక

1983 ఎండాకాలం. తాండూరులో రైల్వే స్టేషన్ దగ్గర నుంచి నాపరాతి గనుల వైపు పోయే రోడ్డు మీద మా దుకాణం ఉండేది. మావారు ఏసుదాసు జీపులకు టాపులు, సీట్లు కుట్టేవారు. టాపుల్లో కుట్టే ప్లాస్టిక్ అద్దాల పని నాది. నేను బడికి పోలేదు. వికారాబాదులో మా అమ్మ పొయ్యి పక్కన కూర్చోబెట్టుకుని బైబిలు చదివిస్తూ అక్షరాలు నేర్పింది. ఈ పని పెళ్లయ్యాక మా మామగారు నేర్పారు. ఇద్దరినీ ఈనాటికీ ప్రార్థనలో తలచుకుంటాను. ఆ ఎండాకాలం సంగతి గుర్తొస్తే మాత్రం ప్రార్థన మధ్యలో కూడా నాకు కోపమే వస్తుంది.

గని జీపులు రోడ్డు మీద కన్నా రాళ్ల గుట్టల మీదే ఎక్కువ తిరుగుతాయి. వాటి టాపుకు వెనకాల వేలాడే పరదాలో కిటికీలాగా మెత్తటి ప్లాస్టిక్ అద్దం కుట్టి ఉంటుంది. ఎండకు అది పసుపెక్కుతుంది. రాతి పొడి పట్టినప్పుడు డ్రైవర్లు పొడిబట్టతో తుడుస్తారు, దాంతో సన్నని గీతలు పడి పాలపొరలా మసకబారుతుంది. ముందు కుంకుడు రసంతో కడగాలి. తర్వాత నీళ్లలో నానబెట్టి వాడే సన్నటి గరుకు కాగితం, మేము వాటర్ పేపర్ అంటాం, దానితో వేళ్ల బరువు పడకుండా రుద్దాలి. చివర కాంపౌండ్ అనే మెరుగు ముద్ద పెట్టి మల్లుగుడ్డతో గుండ్రంగా తిప్పాలి. లోపలి పసుపు పూర్తిగా పోదు. మసక పోతుంది, వెనకున్న మనిషి కనిపిస్తాడు.

మా మామగారు ఒక పద్ధతి పెట్టారు. ఎంత రుద్దినా ఒక అంచున నాలుగు వేళ్ల వెడల్పు వదిలేయాలి. బండి యజమాని వచ్చి పాతదీ కొత్తదీ పక్కపక్కన చూశాకే ఆ పట్టీ రుద్దాలి. లేకపోతే “ముందు నుంచే గిట్లనే ఉండె” అనేవాళ్లుంటారు.

ఒకరోజు పొద్దున్నే ఒక గని సేటు దగ్గర లెక్కలు రాసే ముంషీ నర్సింలు జీపు తెచ్చాడు. స్టీరింగు దగ్గర కొత్త మనిషి ఉన్నాడు. ఎప్పుడూ ఆ జీపు నడిపేది మహబూబ్ భాయ్, నన్ను చెల్లె అని పిలిచే పెద్దమనిషి.

“భాయ్ ఏడి?” అని అడిగాను.

“జరమొచ్చింది. నువ్వు జర జల్ది చెయ్యమ్మా. ఎన్క అద్దం కొత్తదాని లెక్క కావాలె.”

నేను వెనక పరదా విప్పి బల్ల మీద పరిచాను. అంత మసక పట్టిన అద్దాన్ని అంతకుముందు చూడలేదు. పొద్దంతా రుద్దాను. అద్దం తేటపడుతుంటే సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

సాయంత్రం నర్సింలు వచ్చాడు. నేను రుద్దకుండా వదిలిన పట్టీ చూడగానే మొహం మాడింది.

“గిదేంది? గిది గూడ రుద్దెయ్యి.”

“సేటు చూడొద్దా?”

“సేటు ఎందుకొస్తడమ్మా! రేపు పదిగంటలకు ఠాణల బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూస్తడు.”

బండ్లను తనిఖీ చేసే అధికారిని మావైపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అంటారు. ప్రమాదం జరగందే ఆయన ఠాణాకు ఎందుకొస్తాడు? నిలదీస్తే నర్సింలు అసలు సంగతి చెప్పాడు. రెండు రోజుల కింద గనిలో జీపు వెనక్కి తీస్తుంటే బషీరాబాదు నుంచి కూలికి వచ్చే ఎల్లమ్మ పాదం చక్రం కింద నలిగింది. మహబూబ్ భాయ్ వెనక చూడకుండా నడిపాడని సేటు ఫిర్యాదు రాయించాడు. జ్వరం అబద్ధం. భాయ్ లైసెన్సు ఠాణాలో ఉంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ అద్దంలోంచి ఆయన ఏం చూడగలడు? చూడలేకపోయాడనడానికి ఉన్న ఒకే సాక్ష్యాన్ని నా చేతులతో నేనే పొద్దంతా రుద్ది చెరిపాను!

“ఎవరి కండ్లు గప్పెతందుకు నాతోని రుద్దిపిచ్చిండ్రు?” అని అరిచాను.

“నా మీద ఒర్రకమ్మా, నా నౌకరి వోతది. గంత పట్టీ, చిటికెల పని.”

“నీ నౌకరి వోతదని ఆయన నౌకరి తీస్తరా? పరదా నేనియ్య. సేటునే వచ్చి సూస్కొమ్మను.”

సేటు రాలేదు. జీపు వెనక పరదా లేకుండానే వెళ్లింది.

పొద్దున పరదా చుట్టి పట్టుకుని మావారితో ఠాణాకు వెళ్లాను. దారిపొడవునా మనసులో దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నాను. మహబూబ్ భాయ్ గోడవారన గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు.

నేను ఇన్‌స్పెక్టర్ ముందు పరదా పరిచాను. అప్పటికే అక్కడున్న సేటు నవ్వాడు. “కుట్టుపనోళ్లకు ఠాణల ఏం పని? దుమ్ము వడ్తే కడగనిచ్చిన సార్, గంతే.”

“దుమ్మైతే నీళ్లకు వోతది సార్,” అన్నాను. “గా పట్టీ మీరే తుడిచి సూడుండ్రి.”

ఆయన రుమాలు తడిపి తుడిచాడు. మసక అలాగే ఉంది. పట్టీ వెనక తన చెయ్యి పెట్టి చూసుకున్నాడు. వేళ్లు కనిపించలేదు.

“మిగతా అద్దం?”

“నేనే రుద్దిన సార్, నిన్న పొద్దంత. ఎందుకో తెల్వక రుద్దిన. మొత్తం ఈ పట్టీ లెక్కనే ఉండె. రెండు ఎండకాలాలన్న గడవంది గిట్ల కాదు.”

అప్పుడు భాయ్ నోరు విప్పాడు. “మూడు తాపల చెప్పిన సాబ్, ఎన్క ఏం కనిపిస్తలేదని. నడుస్తది పో అన్నడు సేటు.”

సేటు నవ్వలేదు.

లైసెన్సు భాయ్ చేతికి తిరిగి వచ్చింది. బండిని ఆ స్థితిలో ఉంచింది యజమానేనని ఇన్‌స్పెక్టర్ రాశాడు. ఆ పట్టీ మిగిల్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను. కానీ న్యాయం జరిగిందని అనలేను. సేటు భాయ్‌ను మళ్లీ పనిలోకి తీసుకోలేదు. ఆయన దౌల్తాబాదు వెళ్లి ట్రాక్టరు నడుపుకున్నాడు. ఎల్లమ్మను తర్వాత రెండుసార్లు రైలు దగ్గర చూశాను, పాదం పక్కకు వాల్చి నడుస్తోంది. ఒక్క పూట బండి ఆపి అద్దం మార్పిస్తే పోయేదానికి ఒక మనిషి నడకే పోయింది.

పని బాగా చేస్తే చాలు, ఎవరి కోసం చేస్తున్నామో అడగనక్కర్లేదని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఇప్పుడు ఏ జీపు వచ్చినా యజమాని మాట తర్వాత వింటాను. ముందు ఆ బండిని రోజూ నడిపే డ్రైవర్ రావాల్సిందే. అతణ్ణి సీట్లో కూర్చోబెట్టి, నేను బండి వెనక నిలబడి, “అన్నా, నేను కనిపిస్తున్ననా?” అని అడుగుతాను. అతను జవాబు చెప్పాకే గుడ్డ తడుపుతాను.