నర్సమ్మ వంతు నాడు

అసలు మీరైనా గట్లనే చేస్తుంటిరేమో, అందుకే నేను స్రవంతిని ఒక్క మాట అనలే.

మా ఇద్దరివీ బోరబండల పక్కపక్క కిరాయి గదులు. హైటెక్ సిటీల ఒకే ఆఫీసుల నేల తుడుస్తం, బాత్రూములు కడుగుతం. స్రవంతి ఊరు జహీరాబాద్ అవతల. ఆ ఊరి ఆడోళ్ల సంఘం పట్నపోళ్లను పిలిచి, చుట్టాల లెక్క ఇంట్ల పెట్టుకొని, ఊరోళ్లు తినే తిండే పెడ్తది. ఇంటికొక వంతు. ఆ ఇంటామెనే వండాలె, ఇస్తరాకుల్ల పెట్టాలె. బయటి తిండి, ప్లాస్టిక్ ఊర్లెకు తేవద్దు.

గిది విని మా ఆఫీసుల అఖిల మేడం, "మమ్మల్ని గూడ తీస్కపో స్రవంతీ" అన్నది. ఆఫీసోళ్లు ఆరుగురు బయలెల్లిన్రు. ఆ వారం వంతు స్రవంతి సొంత చిన్నమ్మ నర్సమ్మది. ఎనిమిది నెలలకు వచ్చిన వంతు.

స్రవంతికి ఫికర్ పట్టుకున్నది. రోజూ వీళ్లు తిని మిగిల్చిన పిజ్జా డబ్బాలు ఎత్తేది ఆమెనే గద. జొన్నరొట్టె, పుంటికూర వీళ్లు ముట్టరనుకున్నది. కొండాపూర్ల బిర్యానీ కట్టించి, ప్లాస్టిక్ ప్లేట్లతోని బండి డిక్కీల పెట్టింది.

నేనూ పోయిన. నర్సమ్మ పొద్దుగాల్నుంచి పొయ్యి కాడనే ఉన్నదట. చాప పరిచి ఎదురుచూస్తున్నది. స్రవంతి పోయి బిర్యానీ పొట్లాలు తెచ్చి విప్పింది.

"రొట్టెలు లేవా? మేమొచ్చిందే వాటికి," అన్నది మేడం.

"ఈ పూట చెయ్యలేదట మేడం," అన్నది స్రవంతి, తలకాయ ఎత్తకుండ.

నర్సమ్మ అక్కడ్నే ఉన్నది. బిడ్డ మాట పోతదని రొట్టెల మీద గుడ్డ కప్పింది. పక్కింటామె మాత్రం ఊకుంటదా? "ఇగ మనూరికి హోటలొచ్చింది నర్సమ్మా!" అని గోడ మీంచి నవ్వింది.

మేడమోళ్లు చేను చూడనీకి పోంగనే నర్సమ్మ అడిగింది. "మా తిండికి సిగ్గయిందా బిడ్డా?"

"వాళ్లు తినరేమోనని చిన్నమ్మా..."

"అడిగినవా వాళ్లను?"

స్రవంతి ఏడ్చింది. నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయ్.

అందరు బండెక్కినంక నర్సమ్మ గట్టిగ కాల్చిన కడక్ జొన్నరొట్టెలు చీరముక్కల మూట కట్టి స్రవంతి చేతిల పెట్టింది. అవి వారమైనా చెడిపోవు. "మేడంకియ్యి. నేనే చేసిన్నని చెప్పు."

గది చెప్పాలంటే అబద్ధమాడిన్నని ఒప్పుకోవాలె. బండిల మూట ఒళ్లెనే పెట్టుకొని కూసున్నది. సోమారం మూట పట్టుకొని లిఫ్టుల నాలుగో అంతస్తుకు పోయింది. మేడం ఫోన్ల ఉన్నదని తిరిగొచ్చింది. మంగళారం ఫోన్ల లేకున్నా తిరిగొచ్చింది. ఈ రోజు బేస్తారం. మూట ఇంక మా బకెట్ల రూముల, ఫినాయిల్ డబ్బాలకు దూరంగ, పై అరల ఉన్నది.