రెండు వేళ్ల మధ్య చీమలు

2022 జూలై. ఢిల్లీలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, మూడో అంతస్తు, ఆర్థో వార్డు. అంటే ఎముకలు విరిగినవాళ్ల వార్డు. ఇరవై నాలుగు మంచాలు, కిటికీలోంచి చూస్తే మెట్రో లైను. నేనక్కడ స్టాఫ్ నర్సుని.

కేసులోకి వెళ్లే ముందు ఒక్క మాట. ఇది చెప్పకుండా నేను ముందుకి కదల్లేను. మొన్న మంగళవారం నా పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ రిజల్ట్ వచ్చింది. ఫస్ట్ క్లాసులో పాసయ్యా. ఇంతకుముందు నాకున్నది జీఎన్ఎం, అది డిప్లొమా. ఇప్పుడున్నది డిగ్రీ. మా నాన్న గుంటూరు మిర్చియార్డులో హమాలీ. అమ్మ మిరపకాయల ముచ్చికలు తీసే పనికి వెళ్తుంది. మా ఇంట్లోనే కాదు, అటు అమ్మ వైపు, ఇటు నాన్న వైపు కూడా డిగ్రీ అంటే నాదే మొదటిది. ఫోన్ చేసి చెప్తే అమ్మ అడిగింది, "అయితే ఇప్పుడు నువ్వు డాక్టరువా?"

"కాదమ్మా. నర్సునే."

"మరి నిన్నటిదాకా ఎవరివే?"

"నిన్నటిదాకా కూడా నర్సునే."

"సర్లే, మీ నాన్నకి నేను వేరేగా చెప్తాలే" అంది. సాయంత్రానికల్లా యార్డులో అందరికీ నేను డాక్టరమ్మనైపోయా.

మళ్లీ చదువుకోవాలని నాకు అనిపించింది ఒక పేషెంట్ వల్ల. ఆయన కథే ఇది. పేరు మార్చి యాదగిరి అంటాను.

యాదగిరికి అప్పుడు ముప్పై రెండేళ్లు. కరీంనగర్ వైపు మనిషి. ఓల్డ్ రాజిందర్ నగర్‌లో వాళ్లక్క అనసూయ మెస్ నడుపుతుంది. సివిల్స్ కోచింగ్‌కి వచ్చిన మన పిల్లలు పప్పు కోసం, పచ్చిపులుసు కోసం అక్కడ చేరతారు. కింద వంట, పైన భోజనాలు. యాదగిరి పని వండటం, పైకి మోయడం. వానకి మెట్లు తడిసున్నాయి. సాంబారు బకెట్‌తో జారాడు. మోకాలి కింద పెద్ద ఎముక, మేం టిబియా అంటాం, విరిగింది. వాపు తగ్గాక ఆపరేషన్ చేసి రాడ్ వేద్దామని అప్పటికి స్లాబ్ వేశారు. స్లాబ్ అంటే కాలి వెనక సగానికి పిండికట్టు పెట్టి, చుట్టూ బ్యాండేజీ బిగించడం.

ఫైలు మీద ఇంకో మాట కూడా ఉంది. స్కిజోఫ్రీనియా. యాదగిరి విషయంలో అదేంటంటే, పక్కన ఎవరూ లేకపోయినా గొంతులు వినిపిస్తాయి. ఆరేళ్లుగా మందులు వేసుకుంటున్నాడు, రోజుకి వందమందికి వండుతున్నాడు. కానీ ఆ ఒక్క మాట ఫైలు మీద ఉంటే మా వార్డులో మంచం పేరే మారిపోయేది. పద్నాలుగో బెడ్ అనేవాళ్లు కాదు, సైక్ పేషెంట్ అనేవాళ్లు. నేనూ అన్నా.

చేరిన రెండో రోజు పొద్దున డ్యూటీ నాది. ఆర్థోలో ప్రతి నర్సూ చేసే పని ఒకటుంది, న్యూరోవాస్క్యులర్ చెక్. కట్టు కట్టిన కాలికి రక్తం అందుతోందా, నరాలు పనిచేస్తున్నాయా అని చూడటం. పాదం మీద నాడి పట్టుకుంటాం. వేళ్లు వెచ్చగా ఉన్నాయా, రంగు బాగుందా, కదుపుతున్నారా, ముట్టుకుంటే తెలుస్తోందా అని చూస్తాం. యాదగిరికి నాడి బాగానే దొరికింది. వేళ్లు వెచ్చగా ఉన్నాయి. కదపమంటే కొంచెం కదిపాడు. పాదం మీద ఒకచోట ముట్టుకుని, తెలుస్తోందంటే సరేనని టిక్కులు పెట్టేశా.

"నొప్పి ఎలా ఉందన్నా?"

"మంచిగనే ఉన్నది."

"ఇంకేమైనా ఉందా?"

అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "సిస్టర్, కాలు మీద చీమలు పాకుతున్నయి."

దుప్పటి ఎత్తి చూశా. మంచం కింద కూడా చూశా. ఒక్కటి లేదు.

"లేవన్నా."

"కండ్లకు కనవడయి. కని ఉన్నయి."

నేను వెళ్లి నర్సెస్ నోట్స్‌లో రాశా. ఆ పుస్తకం ఏ షిఫ్టువాళ్లొచ్చినా, ఏ డాక్టరొచ్చినా ముందు తిరగేసేది. అందులో నేను రాసింది ఇంతే: పేషెంట్ హాల్యుసినేటింగ్, సైకియాట్రీకి చెప్పాలి. హాల్యుసినేటింగ్ అంటే లేనిది ఉన్నట్టు తోచడం. అబద్ధం ఎందుకు, రాస్తున్నప్పుడు నాకు కాస్త గొప్పగా కూడా ఉంది. ఎముకల వార్డులో ఉండి మనసు జబ్బు లక్షణం పట్టేశానని.

నేను రాసిన ఆ మాట నాకంటే వేగంగా తిరిగింది. పదకొండింటికి వేళ్ల కసరత్తు చేయించడానికి ఫిజియో దీదీ వచ్చింది. నోట్స్ చూసి, "ఆజ్ రెహనే దో, కల్ దేఖేంగే" అని, రేపటికి వాయిదా వేసి పక్క మంచానికి పోయింది. డ్యూటీ డాక్టర్ చదివి సైకియాట్రీకి ఫోన్ చేశాడు. వాళ్లు ఓపీలో ఉన్నారు, సాయంత్రం వస్తామన్నారు. అప్పటిదాకా నిమ్మళంగా పడుకోవడానికి ఒక ఇంజెక్షన్ రాశాడు. చీమలనే మాట ఈలోపు ఎక్కడో పోయింది. అది ఎవరి నోట్స్‌లోనూ లేదు, నేనే రాయలేదు కదా.

మధ్యాహ్నం ఒంటిగంటకి ఇంజెక్షన్ ట్రేతో వెళ్లా. అనసూయక్క కారియర్ విప్పుతోంది.

"ఏం సూదమ్మా గది?"

"కాస్త నిద్ర పడుతుందక్కా. పొద్దున్నించీ చీమలున్నాయంటున్నాడు."

అక్క కారియర్ మూత మళ్లీ పెట్టేసింది. "చీమలా? మావోనికి గొంతులు ఇనవడ్తయి. గంతే. ఆరేండ్ల సంది చూస్తున్న. ఒక్కనాడు గూడ ఒంటి మీద ఏదో పాకుతున్నదనలే."

"ఒక్కోసారి జబ్బు తీరు మారుతుందక్కా."

"నీకెప్పటి సంది తెల్సు మావోడు?"

"నిన్నటి నుంచి."

యాదగిరి నా చేతిలో సిరంజి వైపు చూస్తున్నాడు.

"గిందుకే నేను ఎవ్వలకు చెప్ప," అన్నాడు. "నొప్పంటే గోలీ పెంచుతరు. నిద్ర వస్తలేదంటే గోలీ పెంచుతరు. పొద్దుగాల నువ్వు మంచిగ అడిగినవని చెప్పిన. చెప్తే సూది తెస్తివి."

"నొప్పా? లేదన్నావు కదా?"

"ఉన్నది. తెల్లారంగ సంది ఉన్నది. ఇప్పుడైతే లోపల్నుంచి పగుల్తదా అన్నట్టున్నది."

"చీమలెక్కడున్నాయో చూపించు."

వంగలేక వేలితో చూపించాడు. బొటనవేలికీ దాని పక్క వేలికీ మధ్య సందు. "గీడనే. ఇంకెక్కడ లెవ్వు. గొంతులు చెవులల్ల ఉంటయి సిస్టర్. ఇవి కాల్ల ఉన్నయి. నాకు ఫరక్ తెల్వదా?"

ఆ రెండు వేళ్ల సందు మా పుస్తకాల్లో బొమ్మేసి మరీ ఉంటుంది. మోకాలి కింద కండరాలు గట్టి పొరల సంచుల్లో ఉంటాయి. ఎముక విరిగి లోపల వాచిందనుకోండి, ఆ పొర సాగదు. లోపల ఒత్తిడి పెరిగి కండరానికీ నరానికీ రక్తం అందదు. దాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటాం. ముందు సంచిలో ఒత్తిడి పెరిగితే మొదట తిమ్మిరెక్కేది సరిగ్గా ఆ రెండు వేళ్ల మధ్యే. పాదం మీద నాడి మాత్రం చాలాసేపు బాగానే కొడుతుంది. పొద్దున నన్ను మోసం చేసింది అదే. కొన్ని గంటలు దాటితే కండరం చచ్చిపోతుంది, ఒక్కోసారి కాలే తీసేయాలి. ఆ సూది నేను పొడిచి ఉంటే ఆయన హాయిగా నిద్రపోయేవాడు. కాలు పోతున్న సంగతి చెప్పడానికి ఎవరూ మేలుకుని ఉండేవాళ్లు కాదు.

సిరంజి ట్రేలో పెట్టేశా. ఆయన్ని కళ్లు మూసుకోమని దూదితో ఆ సందులో తాకించా.

"తెలిసిందా?"

"ఇంక ముట్టలే గదా?"

తర్వాత బొటనవేలు పట్టుకుని, ముందు సంచిలో కండరం సాగేలా మెల్లగా కిందికి వంచా. యాదగిరి అరవలేదు. మంచం రెయిలింగ్ పట్టుకున్నాడు, మంచం మొత్తం కదిలింది. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

నేను పరిగెత్తా. ఇన్‌చార్జ్ బీనా సిస్టర్ కేరళ ఆవిడ, ఆర్థోలోనే ఇరవై ఏళ్లు. వచ్చి ఆ వేలు ఒక్కసారి వంచి చూసి, డ్యూటీ డాక్టర్‌ని వదిలేసి ఇప్పుడే రావాలని నేరుగా సర్జన్‌కి ఫోన్ చేసింది. "డాక్టర్ సాబ్, అభీ ఆనా హై. బాద్ మే నహీ." ఆయన ఫోన్లో చెప్పింది విని నా వైపు తిరిగింది. "బ్యాండేజ్ ఖోలో. తకియా హటావో." కట్టు విప్పడం సరే, దిండెందుకు తీయాలో అప్పుడు నాకు తట్టలేదు. వాపుకి కాలు ఎత్తులో పెడతాం కదా. ఇలాంటప్పుడు ఎత్తులో పెడితే అందే కాస్త రక్తం కూడా అందదు. గుండెకి సమంగా ఉండాలి.

సర్జన్ వచ్చి చూసి, కోయాల్సిందే అన్నాడు. ఫేషియాటమీ. అంటే ఆ గట్టి పొరని పొడుగ్గా కోసి ఒత్తిడి వదిలించడం. కొన్ని రోజులు గాయం తెరిచే ఉంచుతారు. సంతకం కోసం కాగితాన్ని అక్క వైపు చాపాడు. "ఆప్ కీజియే. యే సైకియాట్రిక్ హై నా."

"కాలు నాది గదా సార్," అన్నాడు యాదగిరి. తర్వాత, తనకే చెప్పమని హిందీలో, "ముఝే బతాయియే."

సర్జన్ స్టూల్ లాక్కుని కూర్చుని, ఎక్కడ కోస్తారో కాలి మీద వేలితో గీసి చూపించాడు. కోస్తే కాలు ఉంటుందా అని యాదగిరి ఒక్కటే అడిగాడు. "కాటేంగే తో పైర్ రహేగా?"

"ఉమ్మీద్ హై. దేర్ కియా తో నహీ." ఆశ ఉందట, ఆలస్యం చేస్తే ఉండదట.

"దీజియే." పెన్ను తీసుకుని తెలుగులో సంతకం పెట్టాడు. సాక్షి అని ఉన్నచోట అక్క పెట్టింది.

రెండున్నరకల్లా థియేటర్‌లోకి తీసుకెళ్లారు. నా డ్యూటీ అయిపోయింది, నేను పోలేదు. నాలుగున్నరకి సర్జన్ బయటికొచ్చి, "మసిల్ పింక్ హై" అనేసి వెళ్లిపోయాడు.

"గులాబీ రంగంటే మంచిదేనా?" అక్క నన్నడిగింది.

"మంచిదే అక్కా. బతికుందని."

అక్క అక్కడే కారిడార్‌లో కింద కూర్చుని కారియర్ విప్పింది. "కూసో. పొద్దటి సంది నువ్వు గూడ తిన్లే." చల్లారిపోయిన అన్నంలో పచ్చిపులుసు. గార్డు వచ్చి ఇక్కడ తినకూడదన్నాడు. "ఠీక్ హై భయ్యా, దో మినిట్" అని అక్క ఆయనకీ ఒక ముద్ద పెట్టబోయింది. నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం బీనా సిస్టర్‌కి నేను పొద్దున ఏం రాశానో చూపించా. కొట్టెయ్యనా అని అడిగా.

"కాట్నా మత్," అంది. "నీచే లిఖో, ఉస్‌నే క్యా బోలా థా."

అప్పటి టైము వేసి, కింద రాశా. పేషెంట్ మాటల్లో: బొటనవేలికీ పక్క వేలికీ మధ్య చీమలు పాకుతున్నయి, ఇంకెక్కడ లెవ్వు. పేషెంట్ చెప్పింది పేషెంట్ మాటల్లోనే రాయాలన్నది మాకు ఫస్టియర్‌లోనే చెప్తారు. పరీక్షలో ఆ ప్రశ్నకి నాకు ఫుల్ మార్కులు కూడా వచ్చాయి.

ఐదు వారాలున్నాడు మా దగ్గర. గాయం మూశారు, చర్మం వేశారు, రాడ్ వేశారు. రోజూ వేసుకునే మందు ఒక్క పూట కూడా తప్పకుండా మేమే చూసుకున్నాం. "ఇయ్యాల గొంతులున్నయి సిస్టర్, కని తిడ్తలెవ్వు, ఊకె ముచ్చట పెడ్తున్నయి" అంటే అది కూడా అలాగే రాశాం. తెలుగు రాని నర్సులు కూడా షిఫ్టుకొకసారి, "యాదగిరి భయ్యా, చీంటీ?" అని అడిగేవాళ్లు. "ఆజ్ ఛుట్టీ పే హై" అనేవాడు, ఇవాళ చీమలు సెలవులో ఉన్నాయని.

ఆయన డిశ్చార్జ్ అయిన వారం నేను పోస్ట్ బేసిక్ అప్లికేషన్ నింపా. మనసు జబ్బుల గురించి నాకు తెలిసింది ఎంత తక్కువో, తెలుసనుకున్నది ఎంత ఎక్కువో ఆ పద్నాలుగో బెడ్ దగ్గర తెలిసింది. రెండేళ్లు ఉద్యోగం మానేసి, మయూర్ విహార్‌లో ఒక గదిలో ముగ్గురం సర్దుకుని చదివా. చివరి వైవాలో బయటి నుంచి వచ్చిన మేడమ్, మర్చిపోలేని కేసు చెప్పమంది. ఇదే చెప్పా, నేను రాసిన తప్పుతో సహా.

"నీ తప్పు నువ్వే ఎందుకు చెప్తున్నావు?" అంది.

"అది తీసేస్తే కేసే లేదు మేడమ్."

రిజల్ట్ వచ్చాక ఆదివారం స్వీట్ డబ్బా పట్టుకుని మెస్‌కి వెళ్లా. పైన పిల్లలు కంచాల ముందు కూర్చున్నారు. మెట్ల మీద అడుగుల చప్పుడు, ఒకటి గట్టిగా, ఒకటి మెల్లగా. యాదగిరి సాంబారు బకెట్‌తో వచ్చాడు. బకెట్‌లో సగమే ఉంది.

"ఒక్కపారి సగమే తెస్త. రెండుపార్లు ఎక్కుత," అన్నాడు, నేను చూస్తున్నది కనిపెట్టి.

"సిస్టర్‌కు డిగ్రీ అయిందట రా," కింది నుంచి అక్క కేకేసింది.

"గట్లనా. గయితే పెద్ద సిస్టర్‌వయినవ్." నా కంచంలో రెండు గరిటెలు ఎక్కువ పోశాడు.

"చీమలు పోయాయా అన్నా?"

"ఒక్కటున్నది. వానొచ్చే ముందు లేస్తది."

"డాక్టర్‌కి చెప్పావా మరి?"

"చెప్పిన. రాసుకున్నడు." బకెట్ ఎత్తుకుని పక్క వరసకి పోబోతూ ఆగాడు. "ఏం రాసినవో చదువు సార్ అన్న. చదివిండు. నేను చెప్పినట్టే రాసిండు."