పేరు తెలియని ట్రాము సినిమా

మొన్న మా మనవరాలు ఫోను చేత్తో పట్టుకుని, తాతా, నీకు అన్నిటికంటే నచ్చిన సినిమా పేరు చెప్పు, ఇప్పుడే వెతికి పెడతాను అని మరాఠీలో అడిగితే, ఏ వస్తువుకైనా పేరూ కొలతా చెప్పనిదే ఊరుకోని నేను తెల్లమొహం వేశాను. ఆ సినిమా పేరు నాకు తెలియదు. క్యాసెట్ మీది చీటీ ఊడిపోయింది, మొదట్లో పేర్లు వచ్చే భాగం చెరిగిపోయింది. అయినా మీకెక్కడైనా దొరికితే తప్పకుండా చూడండి. చూడడానికి మూడు కారణాలున్నాయి.

అవి ఎనభైల నాటి రోజులు. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, టీవీలు బాగుచేసే దుకాణంలో కొత్తగా చేరాను. ఆదివారం మధ్యాహ్నాలు బొంబాయి కామాటిపురలో, తెలుగు కూలీల కుటుంబాలు గదికొకటిగా ఉండే మా చాల్‌లో మా అంతస్తు వాళ్లంతా కలిసి వీడియో అద్దెకు తెచ్చుకునేవాళ్లం. కిటికీకి దుప్పటి కట్టి, ముందు చాప మీద ఆడవాళ్లు, గుమ్మంలో మగవాళ్లు సర్దుకునేవారు. ఇంగ్లీషు సినిమా అయితే నన్ను టీవీ పక్కన నిలబెట్టి, ప్రతి మాటా తెలుగులో చెప్పించుకునేవారు. నేను ఒక్క ముక్క కలిపేవాణ్ణి కాదు, ఒక్క ముక్క తీసేవాణ్ణి కాదు. హీరో దగ్గితే, దగ్గాడు అని చెప్పేవాణ్ణి.

మొదటి కారణం ఆ సినిమాలోని ఊరు. ఎక్కడో చలిదేశం, ఏటవాలు వీధులు, వాటిలో గంట కొట్టుకుంటూ ట్రాము. బొంబాయిలో ఎప్పుడో తీసేసిన ట్రాము మళ్లీ కంటబడగానే పెద్దవాళ్లు పోయిన చుట్టాన్ని చూసినట్టు లేచి కూర్చున్నారు. ఇంతలో మంచు కురవడం మొదలైంది. గదంతా నోరు తెరుచుకుని చూస్తుంటే, జీవితమంతా కట్టడాల దగ్గర సున్నం కలిపిన మా తాత మాత్రం కోపగించుకున్నాడు.

"గింత సున్నం గాలికి పోతుంటే మేస్త్రీ ఏం జేస్తుండురా?"

అది సున్నం కాదు, నీళ్లే గడ్డకట్టి పడుతున్నాయని చెబితే, ఆయన నమ్మలేదు కానీ, సినిమా అయ్యేదాకా ఆ తెల్లదనం మీంచి చూపు తిప్పలేదు. నేనూ అంతే. చదువుకున్నవాణ్ణి, మంచు ఎలా ఏర్పడుతుందో తెలిసినవాణ్ణి, అయినా అంత నిశ్శబ్దంగా ఆకాశం కిందికి దిగిరావడం అప్పుడే మొదటిసారి చూశాను.

రెండో కారణం ఆ ట్రాము నడిపేవాడు. రొట్టెల దుకాణం పిల్లను చూడడానికి దారిలో బండి ఆపేస్తాడు, ప్రయాణికులు తిడుతుంటే రోజుకో రొట్టె కొనుక్కొస్తాడు, మనసులో మాట మాత్రం చెప్పడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే నాకు నవ్వు రాలేదు. చాప మీద మా మేనత్త కూతురు కూర్చుంది. వచ్చే ఆదివారం ఆమెను చూడడానికి వర్లీ నుంచి పెళ్లివారు వస్తున్నారు. డిప్లొమా చేసినవాడికి చదువుకున్న పిల్ల కావాలేమోనని పెద్దలు నన్ను అడగలేదు, అడగలేదు కదా అని నేనూ చెప్పలేదు. ఎదుటి తలుపే అయినా, ఆమె గది నాకు ఆ చలిదేశమంత దూరంగా ఉండేది.

చివరికి రొట్టెల పిల్ల ఊరు వదిలి రైలెక్కింది. వాడు ప్లాట్‌ఫారం మీదికి పరుగెత్తుకొచ్చి, కిటికీ ముందు టోపీ తీసి నిలబడ్డాడు. ఏమీ అనలేదు. మంచు పడుతూనే ఉంది.

"ఏమంటుండు బిడ్డా?" అని మా నాయనమ్మ అడిగింది.

ఏమీ అనడం లేదు అని చెప్పాలి. నేను తెరవైపే చూస్తూ చెప్పాను, ఇన్నాళ్లూ అడగడానికి ధైర్యం చాలలేదట, ఇప్పుడు అడుగుతున్నాడట, పోవద్దట, తన దగ్గరే ఉండమంటున్నాడట.

చాప మీంచి మరదలి గొంతు వినిపించింది. "వాని నోరు కదలనే లేదు గద, బావా."

గది మొత్తం నావైపు తిరిగింది. ముందుగా నవ్వింది మేనత్త.

"వానిది కదలకుంటే ఏందే, మీ బావది కదిలింది గద! వర్లీ వాళ్లకు రావద్దని కబురు పంపుతా. నువ్వేమంటవ్?"

మరదలు తల వంచుకుని, "రైలు దిగుతదో లేదో చూడనియ్యరాదే" అంది.

తెర మీద ఆ పిల్ల దిగింది. మూడో కారణం అదే, వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఏ దేశపు సినిమా అయినా కింద అక్షరాలు పడతాయి. ఏమంటున్నాడని అడిగేవాళ్లూ లేరు, పక్కన నిలబడి చెప్పేవాళ్లూ లేరు. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి నవ్వు వాళ్లది. తెర మీద మనిషి మాట్లాడనప్పుడు కింద ఖాళీగానే ఉండిపోతుంది. ఆ ఖాళీ వచ్చిన ప్రతిసారీ మా ఆవిడ మాత్రం తెర వదిలేసి, ఇంకా నావైపే చూస్తుంది.